మా బాబుకి లేజీ ఐ అన్నారు. ప్యాచ్ బదులు వీడియోలు చూపించి బాగుచేస్తారట, నిజమేనా?

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి) | జనవరి 18, రాత్రి 9:40

నమస్కారం అండీ. మాది పర్లాకిమిడి, పుట్టిల్లు పాతపట్నం. బాబుకి 7 ఏళ్లు, ఇక్కడే ఒడియా మీడియంలో రెండో తరగతి.

నవంబరులో వాడి కుడికంటికి కళ్లకలక వచ్చింది. పుసి కట్టేసి రెప్ప విడలేదు. స్కూలు మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టాను. కూర తరుగుతూ, ఊరికే "గోడ మీద క్యాలెండరు చూసి ఇవాళ తారీఖెంతో చెప్పరా" అన్నాను. వాడు కాసేపు అటే చూసి "అక్కడ అంకెలున్నాయా అమ్మా?" అన్నాడు. ఆటకంటున్నాడనుకున్నాను. దగ్గరికి తీసుకెళ్తే, ముక్కు కాగితానికి తగిలేదాకా వెళ్లి అప్పుడు చదివాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ముందు ఊళ్లోనే ఒకచోట చూపించాం. ఇంగ్లీషు అక్షరాల చార్టు పెట్టారు. వాడికి ఆ అక్షరాలే సరిగా రావు. "చదువు రాక చెప్పట్లేదమ్మా, కళ్లు బానే ఉన్నాయి" అని పంపేశారు. మనసొప్పక విశాఖ తీసుకెళ్లాం. అక్కడ గుర్తు ఎటు తిరిగి ఉందో వేళ్లతో చూపించమనే చార్టు పెట్టారు. చుక్కలు వేసి మళ్లీ చూశారు. కుడికంటికి పవర్ ప్లస్ అర మాత్రమే, ఎడమకంటికి ప్లస్ నాలుగున్నర. ఎడమకంటితో అద్దాలు లేకుండా 6/60 (మామూలు కంటికి 60 మీటర్ల నుంచి కనపడేది వీడికి 6 మీటర్లకొస్తేగానీ కనపడదట, మామూలు చూపు 6/6), అద్దాలతో 6/36. 6 వారాలు అద్దాలు పెట్టి తీసుకెళ్తే 6/24కి వచ్చింది. ఇప్పుడు కుడికంటికి రోజూ 2 గంటలు ప్యాచ్ (కన్ను మూసే పట్టీ) వెయ్యమన్నారు.

ఆ 2 గంటలే మా ప్రాణాల మీదికొస్తోంది. పీకేస్తాడు, ఏడుస్తాడు. స్కూలుకి వేసి పంపితే పిల్లలు "కణా, కణా" (ఒడియాలో ఒంటికన్నువాడని) అని పిలిచారట. సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. మా అత్తగారేమో "మెల్లకన్నూ కాదు, ఏమీ కాదు, బంగారంలాంటి కళ్లకి ఈ గంతలేటి" అంటారు. మా మరిది ఫోన్లో ఏదో పంపాడు: అమెరికాలో ప్యాచ్ లేకుండా, రెండు కళ్లూ తెరిచే ఉంచి, కార్టూన్లు చూపించి నయం చేస్తున్నారట. ఎవరైనా వాడారా? మాలాంటివాళ్లకి అందేదేనా?

బరంపురం సిరి | జనవరి 18, రాత్రి 10:05

మా పాపకీ ఇదే సమస్య. తెలిసినవాళ్లు చెప్పండి, నేనూ చూస్తుంటాను.

కొండగాలి (జయపురం, ఇప్పుడు విశాఖ) | జనవరి 18, రాత్రి 11:20

అక్కా, నేను ఆప్టోమెట్రిస్టుని, చూపు పరీక్షించి అద్దాలు రాసే పని. రోజూ ఇలాంటి పిల్లలతోనే పని. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పేరుకి లేజీ ఐ అంటాం గానీ బద్ధకం కంటిది కాదు. మీ బాబు ఎడమకన్ను లోపల చూస్తే అంతా బాగానే ఉంటుంది. చిన్నప్పట్నుంచీ ఆ కంటి నుంచి మసక బొమ్మా, కుడికంటి నుంచి స్పష్టమైన బొమ్మా వెళ్తుంటే మెదడు మసకదాన్ని పక్కన పెట్టేయడం అలవాటు చేసుకుంది. అద్దాలు పెట్టగానే 6/60 నుంచి 6/6కి దూకకపోవడానికి కారణం ఇదే. మెల్లకన్ను ఉంటే బయటికి కనపడుతుంది, ఎవరో ఒకరు అడుగుతారు. మీ బాబుది రెండు కళ్లకీ పవర్ తేడా ఉన్న రకం. కళ్లు తిన్నగా ఉంటాయి, ఒక కంటితో పనంతా జరిగిపోతుంటుంది, కాబట్టి ఇంట్లోవాళ్లకి అనుమానమే రాదు. మీకు కళ్లకలక పుణ్యమా అని తెలిసింది.

ప్యాచ్ చేసే పని: మంచి కన్నుని కాసేపు తప్పించి, నీరసంగా ఉన్నదాని చేత చాకిరీ చేయించడం. కానీ ఆ కాసేపూ రెండు కళ్లూ కలిసి పనిచేయడం ఉండదు. వీడియో వైద్యం చేసేవాళ్లు పట్టుకున్నది ఇక్కడే. రెండు కళ్లూ తెరిచే ఉంచు, కానీ మంచి కంటికి బొమ్మని బలహీనం చెయ్యి, అప్పుడు మెదడు రెండో కన్నుని కూడా లెక్కలోకి తీసుకోక తప్పదు.

మీ మరిది పంపింది బహుశా లూమినోపియా గురించి. కళ్లకి పెట్టుకునే వీఆర్ పెట్టెలో పిల్లల కార్యక్రమాలు వస్తాయి. మంచి కంటికి చూపే బొమ్మ కాంట్రాస్టుని (వెలుగునీడల తేడాని) 15 శాతానికి తగ్గిస్తారు. పైగా బొమ్మలో కొన్ని ముక్కలు ఒక కంటికే, మిగతావి రెండో కంటికే కనపడేలా కప్పుతారు. కథ పూర్తిగా కనపడాలంటే రెండూ కలవాలి. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులో 4 నుంచి 7 ఏళ్ల పిల్లలకి ఒప్పుకుంది, 2025లో 8 నుంచి 12 ఏళ్లవాళ్లకీ పెంచింది. దాని పరీక్షలో 105 మంది పిల్లలున్నారు. రోజుకి గంట, వారానికి 6 రోజులు, 12 వారాలు. అద్దాలతో పాటు వీడియో చూసినవాళ్లు చార్టులో సగటున 1.8 లైన్లు మెరుగయ్యారు, ఒట్టి అద్దాలవాళ్లు 0.8 లైను.

ఇక్కడ ఒక మాట గమనించండి. పోల్చింది ఒట్టి అద్దాలతో, ప్యాచ్‌తో కాదు. కాబట్టి "ప్యాచ్ కన్నా మేలు" అని దీన్నిబట్టి అనలేం.

ప్యాచ్‌తో పోల్చింది ఇంకోటి, ఇజ్రాయెల్‌వాళ్ల క్యూర్‌సైట్. ఎఫ్‌డీఏ అనుమతి 2022లో వచ్చింది. పిల్లాడు ఎర్ర, నీలం అద్దాలు పెట్టుకుని తెర మీద వీడియో చూస్తుంటాడు. చూపు ఎక్కడ ఆనుతోందో యంత్రం వెంటాడుతూ, మంచి కంటికి సరిగ్గా ఆ చోటు మాత్రం మసక చేస్తుంది. పరీక్షలో 103 మంది, 4 నుంచి 9 లోపు వయసువాళ్లు. వీడియో రోజుకి గంటన్నర, వారానికి 5 రోజులు. ప్యాచ్ రోజూ 2 గంటలు. 16 వారాలకి వీడియోవాళ్లు 2.8 లైన్లు, ప్యాచ్‌వాళ్లు 2.3 లైన్లు మెరుగయ్యారు. ప్యాచ్‌కి తీసిపోలేదని మాత్రం గట్టిగా చెప్పొచ్చు. ఇది చిన్న విషయం కాదు.

మీరు తెలుసుకోవలసింది అదే లెక్కలో ఇంకోటుంది. ప్యాచ్‌వాళ్లు కూడా 2.3 లైన్లు పైకెక్కారు. మీ ఇంట్లో ఉన్న మందు పనికిరానిదేమీ కాదక్కా.

బరంపురం సిరి | జనవరి 19, ఉదయం 7:15

కొండగాలి గారూ, ఎర్ర, నీలం అద్దాలంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో అట్ట 3డీ అద్దాలున్నాయి. వాటితో యూట్యూబులో కార్టూన్లు చూపించొచ్చా? ఒకాయన అదే చాలన్నాడు. నాలుగు రోజులు చూపించాం కూడా.

కొండగాలి | జనవరి 19, ఉదయం 8:02

వద్దమ్మా, ఇవాళే ఆపండి. మామూలు వీడియోకి ఆ అద్దాలు పెడితే రంగులు మారతాయి, అంతే. మంచి కంటికి ఎంత తగ్గించాలి, రెండో కంటికి ఎంత ఇవ్వాలి అన్నది పిల్లని బట్టి కొలిచి పెట్టేది. మెల్లకన్ను కూడా ఉన్న పిల్లలకైతే, రెండు బొమ్మల్నీ కలిపే శక్తి ఉందో లేదో చూడకుండా ఇలాంటివి చేస్తే ఒక వస్తువు రెండుగా కనపడటం మొదలవచ్చు. అమెరికాలో కూడా ఇవి డాక్టరు చీటీ మీదే ఇస్తారు. మన దగ్గర కొన్ని కంటి ఆసుపత్రుల్లో కంప్యూటర్ మీద ఇలాంటి రెండు కళ్ల అభ్యాసాలు చేయిస్తారు, అదీ పరీక్ష చేశాకే.

నాగావళి తీరం (రాయగడ) | జనవరి 19, మధ్యాహ్నం 1:30

మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్ల పాపకి 5 ఏళ్లప్పుడు ఆ వీఆర్ పెట్టె రాసిచ్చారు. నేను వెళ్లినప్పుడు ఒకరోజు నేనూ పెట్టుకుని చూశాను. రెండు కళ్లతో చూస్తే మామూలు బొమ్మే, ఏం తేడా తెలీదు. ఒక కన్ను మూస్తే బొమ్మంతా పల్చని మజ్జిగలా వెలిసిపోయింది. రెండోది మూస్తే రంగులు బాగా ఉన్నాయి గానీ అక్కడక్కడ మరకలు పడ్డట్టు ఖాళీలు. అప్పుడు అర్థమైంది నాకు, ఆ బంగారుతల్లి మెదడు ఏం పని చేస్తోందో.

పాప ఇష్టంగానే పెట్టుకునేది. మూడో నెలకి మాత్రం "ఇవన్నీ చూసేశాను పెద్దమ్మా" అని మూతి ముడిచేది. చెల్లెలు పక్కన కూర్చోవలసిందే. లేకపోతే పెట్టె పైకి జరిపేసి ఆడుకునేది. చూపు 2 లైన్లు మెరుగైంది.

గుణుపురం మాస్టారు | జనవరి 19, రాత్రి 8:45

అమ్మా, నేను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుణ్ని. చదివినప్పట్నుంచీ "కణా" అన్న మాటే మనసులో మెదులుతోంది. పిల్లలకి దాని బరువు తెలీదు, పెద్దల నోట విని అంటారు. మీ బాబు క్లాసు టీచరుతో ఒకసారి నేరుగా మాట్లాడండి. ప్యాచ్ మాత్రం స్కూలుకి వెయ్యకండి. 2 గంటలే కదా, సాయంత్రం ఇంటికొచ్చాక వెయ్యొచ్చేమో డాక్టరుని అడగండి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్లు బడికి వచ్చి పిల్లల్ని చూస్తారు. కానీ ఒక పూటలో అంతమందిని చూడాలి. మా పిల్లలు అరచేత్తో కన్ను మూసుకోమంటే వేళ్ల సందుల్లోంచి చూసేస్తారు. అది మోసం కాదు, తప్పు చెప్తామేమోనన్న భయం. అందుకని నేను పాత పోస్టుకార్డు అడ్డం పెట్టి, ముక్కు పక్కన ఖాళీ లేకుండా నేనే పట్టుకుంటాను. రెండేళ్లలో ఇద్దరు పిల్లలు బయటపడ్డారు. అందులో ఒక అమ్మాయి క్లాసులో ఫస్టు. ఎవరనుకుంటారు చెప్పండి!

ఇంకో మాట. కళ్లు తెరవని పిల్లిపిల్లల ఒక రెప్పకి కుట్టువేసి, తర్వాత విప్పినా మెదడు ఆ కంటిని పట్టించుకోలేదని హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1960లలో చూపించారు. 1981లో నోబెల్ వచ్చింది. మన పిల్లల విషయంలో ఆలస్యం చేయకూడదనే మాట వెనక అంత పని ఉంది.

పట్టాల పక్కన (గుణుపురం) | జనవరి 19, రాత్రి 10:30

నాకు 26. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ (ఇంజను డ్రైవరుకి సహాయకుడు) పరీక్ష రాసి గట్టెక్కాను. మెడికల్లో పోయింది. ఆ పోస్టుకి ఏ-1 అనే మెడికల్ తరగతి కావాలి, అద్దాలు లేకుండా రెండు కళ్లూ 6/6 ఉండాలి. నా ఎడమకన్ను 6/36. అప్పటిదాకా నాకు తెలీదు. చిన్నప్పుడు గిల్లీదండ ఆడేటప్పుడు గిల్లి ఎక్కడ పడుతుందో అంచనా తప్పేది, అందరూ నవ్వేవారు, నాకు ఆట రాదనుకున్నాను.

ఇంట్లో ఎవర్నీ ఏమీ అనలేదు. ఆళ్లకి మాత్రం ఏటి తెలుసు. నౌపడ బండి ఇంటి ముందు నుంచి ఎల్తాది, ఇప్పటికీ ఇంజను వైపు చూడను. అక్కా, ఆడు ఏడిస్తే ఏడవనీ. ప్యాచ్ మానకు.

మహేంద్రతనయ ఒడ్డు | జనవరి 20, ఉదయం 6:10

తమ్ముడూ, రాత్రి నీ పోస్టు మా అత్తగారికి చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. పొద్దున్నే లేచి "ఆ గంత ఎక్కడుందే" అని అడిగారు.

పసరు వైద్యం (కాశీనగర్) | జనవరి 20, ఉదయం 11:00

ఇంత హంగామా అక్కర్లేదండి. రోజూ క్యారెట్ రసం, పొన్నగంటి కూర, పొద్దున్నే ఎండలో కంటి వ్యాయామం. మా ఇంట్లో అందరికీ చూపు బాగుంది.

కొండగాలి | జనవరి 20, మధ్యాహ్నం 2:15

పొన్నగంటి కూర తినిపించండి, మంచిదే. విటమిన్ ఏ లోపం వేరు, ఇది వేరు. ప్లస్ నాలుగున్నర పవర్‌ని కూర సరిచేయదు. దయచేసి ఇది చదివి ఎవరూ అద్దాలు తీసెయ్యకండి, మీకు దణ్ణం పెడతాను. పవర్ తేడా ఉన్న చిన్నపిల్లల్లో ఒట్టి అద్దాలతోనే పావువంతు మందికి పైగా పూర్తిగా బాగైనట్టు అమెరికాలో 2006లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అద్దాలే మొదటి మందు. వీడియో చూసినా, ప్యాచ్ వేసినా అద్దాల పైనే.

బరంపురం సిరి | జనవరి 20, సాయంత్రం 5:40

అయితే ఫోన్లో గేములు కూడా ఉన్నాయి కదా కొండగాలి గారూ, అవేమయ్యాయి?

కొండగాలి | జనవరి 20, రాత్రి 9:30

మొదట గేములతోనే మొదలైంది. ఇటుకలు పడే ఆటని రెండు కళ్లకీ పంచి ఐప్యాడ్ మీద ఆడించారు. 2016లో 385 మంది పిల్లల మీద వచ్చిన ఫలితం: 16 వారాలకి గేముతో 1.05 లైన్లు, 2 గంటల ప్యాచ్‌తో 1.35. అనుకున్నంత రాలేదు. కారణం కూడా అందులోనే కనపడుతుంది. చెప్పినదాంట్లో 75 శాతానికి పైగా ఆడినవాళ్లు 22 శాతమే. ఒకే ఆట ఎన్నాళ్లని ఆడతారు పిల్లలు? అందుకే తర్వాతివాళ్లు గేము వదిలి, పిల్లలు ఎలాగూ చూసే వీడియోల మీద పడ్డారు.

నా పదేళ్ల అనుభవంలో నమ్మేది ఒకటే. ఏ పద్ధతి అన్నదాని కన్నా, ఎన్ని గంటలు నిజంగా జరిగిందన్నదే చూపుని లాక్కొస్తుంది. విశాఖ దాకా వచ్చి, ప్యాచ్ రాయించుకుని, డబ్బా విప్పకుండానే మూడు నెలలకి తిరిగొచ్చే పిల్లల్ని చూస్తుంటాను. వాళ్లమ్మలు తల వంచుకుని నిలబడతారు. తిట్టడానికి నోరు రాదు.

అక్కా, మీకు రెండు ఊరట మాటలు. మీ బాబులాంటి 6/24 వాళ్లలో 2 గంటల ప్యాచ్, 6 గంటల ప్యాచ్ 4 నెలలకి ఒకే ఫలితం ఇచ్చాయి. కాబట్టి 2 గంటలు తక్కువేమో అని బెంగ వద్దు. రెండోది, ప్యాచ్ వేసుకుని చదవాలి, రాయాలి అని కట్టిపడెయ్యక్కర్లేదు. 425 మంది పిల్లల మీద చూశారు, దగ్గరి పనులు చేసినా దూరం చూసే ఆటలాడినా చూపు ఒకేలా మెరుగైంది. వాడికేది ఇష్టమైతే అది చెయ్యనివ్వండి. అసలే వేసుకోకపోతే, మంచి కంట్లో అట్రోపిన్ చుక్కలు వేసి మసక చేసే పద్ధతి ఉంది. ఫలితం ప్యాచ్‌కి దగ్గరగానే ఉంటుంది. డాక్టరుని అడగండి.

మహేంద్రతనయ ఒడ్డు | మార్చి 1, రాత్రి 8:20

ఆరు వారాలైంది. ఎలా జరిగిందో చెప్పాలని వచ్చాను.

విశాఖలో వీడియో సంగతి అడిగాను. డాక్టరమ్మగారు నవ్వి, "మంచి పద్ధతేనమ్మా, కానీ మీవాడికి ప్యాచ్ ఇంకా సరిగ్గా మొదలే కాలేదు. ముందు దీన్ని నిజంగా చేద్దాం, ఆగిపోతే అప్పుడు మిగతావి చూద్దాం" అన్నారు. సాయంత్రం వెయ్యొచ్చన్నారు.

మా మావగారు కొమ్ము పని (పశువుల కొమ్ములతో బొమ్మలు చెయ్యడం) చేస్తారు. ఈ ఊళ్లో ఆ పని ఎరిగినవాళ్లు ఇప్పుడు తక్కువ. బాబు బడి నుంచి రాగానే మావగారు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, కోసిన కొంగ బొమ్మ ఒకటి, గరుకు కాగితం ముక్క ఒకటి చేతికిస్తారు. ప్యాచ్ వేసుకుంటేనే కాగితం ఇస్తారు. మొదటి వారం కొంగ ముక్కు పక్కనుంచి వేళ్లు అరిగేలా రుద్దేవాడు. ఎక్కడ రుద్దాలో ఆనలేదు. ఇప్పుడు ముక్కు కొనదాకా నున్నగా తెస్తున్నాడు. కాసేపయ్యాక లేచి వీధిలో బంతాట. ప్యాచ్ మాత్రం మా అత్తగారి కాపలా.

చూపు 6/18 అన్నారు.

పట్టాల పక్కన | మార్చి 1, రాత్రి 9:05

అక్కా, ఈ మాట కోసమే రోజూ తెరిచి చూస్తన్నాను.

బరంపురం సిరి | మార్చి 3, ఉదయం 10:10

మా పాపకి 9 దాటింది. ఒకచోట "ఏడు దాటాక లాభం లేదు" అనేశారు. అప్పట్నుంచి నిద్ర లేదు.

కొండగాలి | మార్చి 3, మధ్యాహ్నం 1:50

ఆ మాట పాతబడిపోయింది. 7 నుంచి 17 ఏళ్లవాళ్ల మీద చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. 7 నుంచి 12 మధ్యవాళ్లలో ప్యాచ్, చుక్కలు వాడితే 53 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగు వచ్చింది, ఒట్టి అద్దాలతో 25 శాతం మందికి. చిన్నప్పుడు మొదలుపెడితే తేలిక, అది నిజం. 9కి తలుపు మూసేశారన్నది నిజం కాదు. బరంపురం నుంచి భువనేశ్వర్ వెళ్తారో, విశాఖ వస్తారో, ఈ నెల్లోనే చూపించండి.

నాగావళి తీరం | మార్చి 3, సాయంత్రం 6:30

మా వైపువాళ్లకి రాయగడలోనే ఎల్.వి. ప్రసాద్ వాళ్ల కేంద్రం ఉంది. మొదటి పరీక్షకి అంత దూరం పోనక్కర్లేదు.

మహేంద్రతనయ ఒడ్డు | మే 17, రాత్రి 9:15

ఏప్రిల్ అంతా కష్టమైంది. చెమటకి ప్యాచ్ ఊడిపోవడం, చుట్టూ ఎర్రగా దద్దు. మధ్యలో 9 రోజులు మానేశాం, దాచను. కొండగాలి తమ్ముడు చెప్పాక అద్దాలకి తొడిగే గుడ్డ ప్యాచ్ కుట్టించాను. పక్కనుంచి చూడకుండా వెడల్పుగా, లోపల నల్లగుడ్డ వేసి.

మొన్న 6/12 వచ్చింది.

నిన్న సాయంత్రం గంత వేసుకుని ఉన్నాడు. కూర తరుగుతున్న చోటు నుంచే అడిగాను, "తారీఖెంతరా?" అని. ఉన్నచోటే నిలబడి "13" అన్నాడు. 16వ తారీఖు. 6ని 3 అనుకున్నాడు. నేను కత్తిపీట దగ్గర్నుంచి లేచి వాణ్ని దగ్గరికి తీసుకుని ఎంతసేపు ఉండిపోయానో తెలీదు.

ఇంక ఆపేయొచ్చా తమ్ముడూ?

కొండగాలి | మే 17, రాత్రి 10:00

అక్కా, చాలా సంతోషం. ఆపకండి. 6/12 దగ్గర చాలామంది ఆపేస్తారు. బాగయ్యాక ఆపినవాళ్లలో కూడా దాదాపు నలుగురిలో ఒకరికి ఏడాదిలోపు మళ్లీ జారుతుంది. ఎప్పుడు తగ్గించాలో డాక్టరమ్మగారే చెప్తారు. ఆపాక కూడా ఏడాదిపాటు పిలిచినప్పుడల్లా వెళ్లాలి. అద్దాలు ఎలాగూ ఉంటాయి. ఇకపై చూపు కదలకుండా ఆగిపోతే అప్పుడు రెండు కళ్ల అభ్యాసాల గురించి మళ్లీ అడగండి.

గుణుపురం మాస్టారు | మే 18, ఉదయం 6:40

అమ్మా, ఆ గుడ్డ ప్యాచ్ కొలతలు కొంచెం పంపుతారా? మా బడి పిల్లకి కుట్టించాలి.

మహేంద్రతనయ ఒడ్డు | మే 18, ఉదయం 7:25

పంపుతాను మాస్టారూ. పిల్ల అద్దాల వెడల్పు, ఎత్తు కొలిచి రాయండి. అద్దం కన్నా చెవి వైపు రెండు వేళ్లు ఎక్కువ ఉండాలి. ముక్కు వైపు మెత్తటి మడత వెయ్యాలి, లేకపోతే ఒరుసుకుంటుంది. మా అత్తగారు తానే కుడతానంటున్నారు. మంగళవారం గుణుపురం బండికి మా మరిది చేత పంపిస్తాను.